హెడ్‌లైట్ల మసక, స్టీరియో మోత: ఒక సమీక్ష

ప్రశ్న యొక్క స్వరూపము

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము పట్టణములను వరుసగా కలుపుచు కృష్ణగిరి వైపు సాగిపోవు 42వ నంబరు జాతీయ రహదారిపై రాత్రివేళ తిరుగు వాహనములు బహువిధములు: టమోటా పెట్టెలతో మార్కెట్టునకు వచ్చు పికప్పు బండ్లు, బెంగళూరు కొలువుల నుండి వారాంతమున ఇండ్లకు మరలు యువకుల చిన్నకార్లు, పెండ్లిండ్లకును గంగమ్మ జాతరలకును పోవు అద్దెబండ్లు. వీనిలో పెక్కింటియందు నేడు డిక్కీలో ఒక ఊఫరును (మంద్రధ్వనుల స్పీకరును), దానిని నడపు ఆంప్లిఫయరును ఉండుట వింతగాదు. పాటలో దరువు పడినపుడెల్ల ముందు దీపముల వెలుగు క్షణకాలము కుంగి మరల లేచుట, డ్యాష్‌బోర్డు దీపములు సైతము ఆ తాళమునకే మినుకుమినుకుమనుట ఇట్టి వాహనముల యజమానులకు చిరపరిచితమైన సంగతి.

ఈ లోపమునకు పరిహారమేమి యని విచారించువానికి లభించు సమాధానములు మాత్రము పరస్పర విరుద్ధములు. ఒక దుకాణమువారు కెపాసిటరు బిగింపుమందురు. మరియొకరు పెద్ద బ్యాటరీ కొనుమందురు. ఇంకొకరు డైనమో మార్చనిదే పనిగాదందురు. ఆటో ఎలక్ట్రీషియను వచ్చి తీగలన్నియు సన్నవని త్రోసివేయును. నలుగురి మాటయందును సత్యమున్నది. అయినను నలుగురి మాట విని నాలుగును చేయించినవాని బండిలో సైతము దీపములు కొన్నిసారులు మసకబారుచునే యుండును. వివాదమింతగా చిక్కుపడుటకు హేతువు ఒక్కటే: దీపము మసకబారుట యను ఒకే లక్షణము వెనుక మూడు వేర్వేరు లోపములుండగా, ప్రతి పక్షమువారును తమకు తెలిసిన యొక్క లోపమునకు మాత్రమే మందు చెప్పుచున్నారు. ఆ మూటిని వేరుచేసి, ఏ పరిహారము దేనికి చెల్లునో, ఏది నేటికిని తేలలేదో నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

వెలుగు ఎంత తగ్గిన ఎంత నష్టము?

ఇది కేవలము సౌందర్యసంబంధమైన చిన్న లోపమని కొట్టివేయువారు కలరు. కాని హాలోజను బల్బు స్వభావము తెలిసినవారట్లనజాలరు. బల్బునకందు వోల్టేజి తగ్గినపుడు వెలుగు అదే పాళ్లలో తగ్గదు. వోల్టేజి యొక్క సుమారు మూడున్నరవ ఘాతముననుసరించి తగ్గును. ఇంజను నడుచుచుండగా 14 వోల్టులున్న చోట 12.6 వోల్టులే యందినయెడల, అనగా వోల్టేజి పదింట ఒకవంతు తగ్గినయెడల, వెలుగు దాదాపు 30 శాతము తగ్గిపోవును. దూరము పెరిగినకొలది కాంతి దాని వర్గముననుసరించి క్షీణించును గనుక, స్థూలగణనమున 60 మీటర్ల దూరమున కనబడవలసిన వస్తువు 50 మీటర్లకు గాని కనబడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు వాహనమును చోదకుడు ప్రమాదమును గుర్తించి బ్రేకు త్రొక్కి నిలుపుటకు ఇంచుమించు 45 నుండి 50 మీటర్లు పట్టును. అనగా ఉండవలసిన పది మీటర్ల వెసులుబాటును పాట హరించినదన్నమాట.

పలమనేరు, కుప్పము ప్రాంతములలో ఈ వెసులుబాటు మరింత విలువగలది. 1980లలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుండి వలసవచ్చిన ఏనుగుల కొరకై 1990లో ఏర్పడిన కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యము ఈ దారులకు సమీపముననే యున్నది. ఏనుగునకు వెనుకదీపము లేదు, మెరయు పట్టీ లేదు. నల్లని రోడ్డుపై నల్లని దేహము. మొగిలి ఘాటు మలుపులలోను, హార్స్‌లీ కొండ దారిలోను, లైటు వేయక నిలిపిన ట్రాక్టరు ట్రాలీల విషయమునను ఇదే న్యాయము వర్తించును.

చారిత్రక పూర్వరంగము

కారులో సంగీతము వినుట 1930లో అమెరికాయందు గాల్విన్ సోదరుల సంస్థ మోటరోలా యను పేర రేడియోను విడుదల చేసినప్పటి నుండి వ్యాపించినది. నాటి కార్లలో విద్యుద్వ్యవస్థ సాధారణముగా 6 వోల్టులది, ఉత్పత్తిసాధనము డైనమో. ఆ తరువాతి కాలపు 12 వోల్టుల డైనమోలు సైతము 20 ఆంపియర్ల చుట్టుప్రక్కల మాత్రమే ఈయగలిగెడివి. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు ఏమియు నీయజాలకపోయెడివి. అందుచేత సిగ్నలు వద్ద నిలిచిన కారు దీపములు వాడిపోవుట, యాక్సిలరేటరు త్రొక్కగానే ప్రకాశించుట ఆ కాలమున లోపముగా నెంచబడలేదు, వాహనధర్మముగానే భావింపబడినది.

1950ల మధ్యభాగమున అమెరికా కార్లు 12 వోల్టులకు మారినవి. 1960 నమూనాగా వెలువడిన క్రైస్లర్ సంస్థ వేలియంట్ కారుతో ఆల్టర్నేటరు ప్రజాసామాన్యపు కార్లలోనికి ప్రవేశించినది. ఇంజను మందగతిలో నుండగా సైతము కొంత విద్యుత్తునీయగలుగుట దాని విశేషము. మన దేశమున అంబాసిడరు కార్లలో డైనమో చిరకాలము కొనసాగినది. ఆ పరిచయముచేతనే మన మెకానిక్కులు నేటికిని ఆల్టర్నేటరును డైనమో యనియే వ్యవహరింతురు. 1983 డిసెంబరులో మారుతి 800 వెలువడిన పిమ్మట చిన్నకారును, దానితోపాటు క్యాసెట్టు సెట్టును మధ్యతరగతివారి ఇంటికి చేరినవి.

అయితే ఆ సెట్టుల వలన దీపములెన్నడును మసకబారలేదు. దానికి కారణము గలదు. 14 వోల్టుల సరఫరాతో, మరే సాధనమును లేక, 4 ఓముల స్పీకరులోనికి ఒక్కొక్క చానెలుకు పంపగల శక్తి ఇంచుమించు 20 వాట్లు మాత్రమే. పెట్టెపై నాలుగు యాభైల వాట్లని ముద్రించినను వాస్తవమింతే. బ్యాటరీ వోల్టేజిని లోపలనే పెంచుకొనగల సరఫరా విభాగముతో కూడిన ప్రత్యేక ఆంప్లిఫయర్లు వచ్చిన తరువాతనే వందల వాట్లు సాధ్యములైనవి. కారు తన దీపములకును, స్పార్కుప్లగ్గులకును, ఫ్యానుకును లెక్కగట్టి పెట్టుకొన్న విద్యుత్తుపై లెక్కలో లేని యీ క్రొత్త భారము వచ్చిపడుటయే నేటి వివాదమునకు పుట్టినిల్లు.

మూడు లోపములు

ఈ ప్రాంతపు వారికి సుపరిచితమైన చెరువును దృష్టాంతముగా గైకొందము. ఆల్టర్నేటరు పైనుండి వచ్చు వాగు, బ్యాటరీ చెరువు, తీగలు కాలువలు. ఇంజను నడుచునపుడు ఆల్టర్నేటరు వ్యవస్థను 13.8 నుండి 14.4 వోల్టుల మట్టమున నిలుపును. నిండుగా చార్జియైన బ్యాటరీ సొంత మట్టము 12.6 వోల్టుల ప్రాంతము. వాగు మట్టము పైనున్నంతవరకు చెరువులోని నీరు బయటికి రాదు. వాగు చాలక మట్టము దిగినప్పుడే చెరువు నుండి నీరు పారును. అనగా బ్యాటరీ సాయము చేయుట మొదలుపెట్టునాటికే వెలుగు తగ్గిపోయి యుండును. ఈ యొక్క విషయము మనస్సున నిలిపినచో వివాదములో సగము తీరును.

ఇక మూడు లోపములివి. మొదటిది ఉత్పత్తి లోటు: వాడుక మొత్తము ఆల్టర్నేటరు ఆ క్షణమున ఈయగల దానిని మించుట. రెండవది మార్గనష్టము: ఉత్పత్తి చాలినను సన్నతీగలలోను, తుప్పుపట్టిన ఎర్తులలోను వోల్టేజి హరించుకుపోవుట. మూడవది కాలవిలంబము: సగటున ఉత్పత్తి చాలినను, దరువు పడిన ఆ లిప్తపాటున ఆల్టర్నేటరు మేల్కొనలేకపోవుట. ఆల్టర్నేటరులోని తిరుగుచుట్ట అయస్కాంతశక్తి పెరుగుటకు సెకనులో పదవ వంతు మొదలు అంతకుమించియు పట్టవచ్చును. పైగా కొన్ని క్రొత్త రెగ్యులేటర్లు మందగతిలో ఇంజను ఆగిపోకుండుటకై భారమును కొన్ని సెకనుల వ్యవధిలో మెల్లమెల్లగా మాత్రమే స్వీకరించునట్లు నిర్మింపబడినవి. ఊఫరు దరువు అంతకాలము వేచియుండదు.

ఉదాహరణముగా ఒక చిన్నకారు లెక్క చూతము. ఆల్టర్నేటరు 75 ఆంపియర్లది యనుకొందము. రాత్రివేళ ఇంజను నిర్వహణకు 12, దీపములన్నింటికి 11, ఏసీకిని దాని ఫ్యానులకును 22 — వెరసి 45 ఆంపియర్లు పాట లేకయే ఖర్చు. 600 వాట్లు నిజముగా నీయు ఆంప్లిఫయరు, నూటికి 80 పాళ్ల సామర్థ్యముతో పనిచేసినను, దరువు శిఖరమున 54 ఆంపియర్లు లాగును. సంగీతమున శిఖరములు కొద్దిపాటివి గనుక సగటున మూడవ వంతు, అనగా 18 ఆంపియర్లు చాలును. రహదారిపై పరుగెత్తుచుండగా సగటు లెక్క సరిపోవును, శిఖరము సరిపోదు. టమోటా మార్కెట్టు దారిలో బండ్ల వరుసలో ఇంజను మందగతిలో నిలిచియుండగా ఆల్టర్నేటరు తన ముద్రిత శక్తిలో సగము కూడ ఈయజాలకపోవచ్చును గనుక సగటు సైతము సరిపోదు. ఒకే కారు, ఒకే పాట. లోపము మాత్రము స్థలమునుబట్టి మారినది.

తీగల పక్షము

ఈ పక్షమువారి వాదము ప్రాచీనమును, మిక్కిలి చవకయైనదియు. వీరు మూడు తీగలను లావు చేయుమందురు: ఆల్టర్నేటరు నుండి బ్యాటరీ ధనధ్రువమునకు పోవునది, బ్యాటరీ రుణధ్రువము నుండి బాడీకి పోవునది, ఇంజను నుండి బాడీకి పోవునది. సంధిస్థలమున అయిదు మిల్లీఓముల నిరోధము కేవలము ఒక వదులైన బోల్టు వలననే కలుగవచ్చును. 100 ఆంపియర్లు దానిగుండ ప్రవహించినపుడు అరవోల్టు అచ్చటనే పోవును.

ఈ వాదమున ఒక తరచగు పొరపాటును విడదీయవలసియున్నది. ఆంప్లిఫయరునకు పోవు ప్రధానతీగను లావు చేసినంత మాత్రమున దీపములు బాగుపడునని పలువురు నమ్ముదురు. 8 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 5 మీటర్ల పొడవున 100 ఆంపియర్లకు ఒక వోల్టుకు పైగా పోగొట్టును. 25 చదరపు మిల్లీమీటర్లదైనచో వోల్టులో మూడవ వంతు మాత్రమే. కాని ఆ నష్టము ఆంప్లిఫయరుది, దీపములది గాదు. దీపములకు హాని చేయునది రెంటికిని ఉమ్మడియైన మార్గము: చార్జింగు తీగ, ఇంజను ఎర్తు. కావున లావు చేయవలసినది మొదట ఈ ఉమ్మడి భాగమే. మరియు రాగిపూత పూసిన అల్యూమినియము తీగ చూపునకు లావుగనున్నను, అదే మందము గల రాగి కన్న సుమారు ఒకటిన్నర రెట్లు నిరోధము గలదగుటచేత, కొనునపుడు తీగ కొసను గీకి చూచుట వివేకము. ప్రధానతీగకు బ్యాటరీ చెంతనే ఫ్యూజుండవలెనను నియమమున మాత్రము ఏ పక్షమునకును భేదము లేదు. అది అగ్నిప్రమాద విషయము.

కెపాసిటరు పక్షము

1990లలో కార్ల ధ్వనిపోటీలతోపాటు ప్రసిద్ధికెక్కిన ఒక ఫారడ్ కెపాసిటరు, నీలిరంగు అంకెల మీటరుతో మెరయుచు, నేటికిని అమ్మకమున మున్ముందున్నది. కాలవిలంబమును పూరించుట దాని పని. అది ఎంతకాలము పూరించునో లెక్కగట్టుట కష్టము గాదు. 14.4 నుండి 12.6 వోల్టులకు దిగులోపల ఒక ఫారడ్ కెపాసిటరు విడుదల చేయు శక్తి సుమారు 24 జౌళ్లు. 1000 వాట్లు లాగు ఆంప్లిఫయరునకది సెకనులో 40వ వంతు కాలమునకు సరి. వెలుగు మరీ కుంగకుండవలెనన్నచో మట్టమును ఒక వోల్టునకు మించి దిగనీయరాదు. అప్పుడా వ్యవధి ఇంచుమించు సగమునకు పడిపోవును.

ఈ లెక్కను చూపి ప్రతిపక్షమువారు కెపాసిటరు కేవలాలంకారమందురు. అనుకూలురు మాత్రము దరువు ఆరంభమున వచ్చు మొదటి కుదుపును అది మెత్తబరచుననియు, బల్బులోని తీగ చల్లారుటకే కొంతకాలము పట్టును గనుక అంతమాత్రపు సాయమును కంటికి తేడా చూపుననియు బదులు చెప్పుదురు. ఇరువురును ఒప్పుకొనవలసిన దొకటున్నది: ఉత్పత్తి లోటున్న బండిలో కెపాసిటరు వ్యర్థము, ఏలయన ఖాళీయైన కెపాసిటరును మరల నింపవలసినదియు ఆ యాల్టర్నేటరే. నూతనముగా వచ్చిన మహాకెపాసిటర్ల సంగతి వేరు. ఆరు 500 ఫారడ్ల గడులను వరుసగా కూర్చినచో ఫలితము 83 ఫారడ్లు. పై లెక్కననుసరించి 1000 వాట్లను రెండు సెకనుల పాటు మోయును. దరువు పొడవునకది చాలును.

బ్యాటరీ పక్షము

చెరువు దృష్టాంతమును గ్రహించినవారికి ఈ పక్షపు బలాబలములు సులభగ్రాహ్యములు. ఇంజను నడుచునపుడు రెండవ బ్యాటరీని చేర్చుట మట్టమును 14 వోల్టుల వద్ద నిలుపజాలదు, 12.6 వద్ద నిలుపగలదు. అంతకు దిగువకు పోవుట ఆపునేగాని, మొదటి మసకను ఆపదు. పైపెచ్చు చార్జి తగ్గిన రెండవ బ్యాటరీ ఆల్టర్నేటరునకు మరియొక భారము. అంతర్నిరోధము తక్కువగు ఏజీఎం (గాజునార పొరలలో ఆమ్లమును ఇంకించిన) బ్యాటరీలు, చార్జియైన వెంటనే ఉండు ఉపరితలపు అధికవోల్టేజి చేత, క్షణిక శిఖరములను కొంత మోయుననుట నిజమే. ఆ మేరకు అవి కాలవిలంబమునకు మందులు.

బ్యాటరీ పక్షము నిర్వివాదముగా గెలుచు సందర్భమొకటి గలదు: ఇంజను ఆపి పాట పెట్టుట. జాతర మైదానమున గంటసేపు నిలిచి మ్రోగు కారునకు చిన్న పెట్రోలు కార్లలో సాధారణమైన 35 ఆంపియర్-గంటల బ్యాటరీ చాలదు. తిరిగి స్టార్టగుటయే సందేహము. అచ్చట రెండవ బ్యాటరీ, దానిని స్టార్టింగు బ్యాటరీ నుండి వేరుచేయు ఐసొలేటరు యుక్తములు. ఊరేగింపుల డీజే వాహనములు జనరేటరును వెంటబెట్టుకొని పోవుటలోని మర్మమిదియే. వారు వాహనపు విద్యుత్తును నమ్ముకొనరు.

ఆల్టర్నేటరు పక్షము

ఉత్పత్తి లోటునకు ఉత్పత్తిని పెంచుటయే మందని వీరి సూటి వాదము. తర్కమున దీనికి ఎదురు లేదు. ఆచరణమున మూడు చిక్కులున్నవి. మొదటిది, పెద్ద ఆల్టర్నేటరుపై ముద్రించిన సంఖ్య అది నిమిషమునకు వేలాది చుట్లు తిరుగునప్పటిది. మందగతిలో ఎంత యిచ్చునన్నదే కొనువాడు అడుగవలసిన ప్రశ్న. రెండవది, విద్యుత్తు ఊరక రాదు: 14 వోల్టుల వద్ద 100 ఆంపియర్లు పుట్టించుటకు, నష్టములతో కలిపి, ఇంజను నుండి దాదాపు మూడు అశ్వశక్తులు పోవును, చిన్న ఇంజనునకిది హార్స్‌లీ కొండ ఎక్కునపుడు తెలియును. మూడవది, వేసవి వేడిమియందు ఇంజను చెంతనుండు ఆల్టర్నేటరు తన ముద్రితశక్తిని నిలుపుకొనజాలదు. బెల్టు జారినచో అదియు లేదు. వారంటీ నష్టము సరేసరి.

మితవాదుల పక్షము

వీరి సంఖ్య స్వల్పము, వాదము గట్టిది. వాట్లు రెట్టింపైనను ధ్వని పెరుగునది 3 డెసిబెల్లులు మాత్రమే, అనగా చెవికి కొద్దిపాటి తేడా. అదే 3 డెసిబెల్లులను అధిక సున్నితత్వము గల ఊఫరును ఎన్నుకొనుటచేతను, దానికి తగిన కొలతల పెట్టెను చేయించుటచేతను ఒక్క ఆంపియరైనను అదనముగా లాగక సంపాదింపవచ్చును. పాతతరపు ఏబీ తరగతి ఆంప్లిఫయరు సగము శక్తిని వేడిగా మార్చును. డీ తరగతిది నూటికి 80 పాళ్లకు పైగా స్పీకరునకే అందించును. ఆంప్లిఫయరుపై నుండు గెయిన్ మరను మితిమీరి త్రిప్పుటచేత ధ్వని చిట్లి, సగటు విద్యుద్వ్యయము పెరిగి, స్పీకరు చుట్ట కాలును. దానిని తగ్గించుటకు ఖర్చు లేదు.

కొనునపుడు మోసపోకుండుటకు వీరు చెప్పు ఉపాయము గమనింపదగినది. డబ్బాపై 3000 వాట్లని యుండి, ఆంప్లిఫయరునకు 30 ఆంపియర్ల ఫ్యూజు ఒకటే యున్నచో, 30ని 13.8తో హెచ్చవేసి, అందులో 80 పాళ్లు లెక్కింపగా వచ్చునది 330 వాట్లు. ఫ్యూజు సత్యము పలుకును.

దీపములనే కాపాడుటను గోరు పక్షము

విద్యుద్వ్యవస్థను వదలి దీపములనే రక్షింపుమను వారును గలరు. పాతకార్లలో హెడ్‌లైటు విద్యుత్తు స్టీరింగు చెంతనుండు స్విచ్చిగుండ సన్నతీగలలో తిరిగివచ్చును. రిలే కిట్టు బిగించి బ్యాటరీ నుండి లావుతీగ తిన్నగా లాగినయెడల బల్బునకు అరవోల్టు వరకు అదనముగా అందవచ్చును. కాని ఇది మార్గనష్టమునకు మాత్రమే; బ్యాటరీ వద్దనే వోల్టేజి ఊగులాడుచున్నచో రిలే ఆ యూగులాటను నమ్మకముగా బల్బునకు చేరవేయును. వెలుగు చాలలేదని 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వాట్లది పెట్టుట మన ప్రాంతమున విరివిగా కనబడు పని; అది చట్టసమ్మతము గాదు, పైగా లోటును పెంచును.

విద్యుత్ప్రవాహమును స్థిరముగా నుంచు డ్రైవరుతో గూడిన ఎల్ఈడీ దీపములు వోల్టేజి దిగినను మసకబారవు. కారుతో వచ్చిన ఎల్ఈడీ దీపములకిది నిక్కమైన సుగుణము. హాలోజను అద్దములలో బజారు ఎల్ఈడీ బల్బులు దూర్చుట మాత్రము కాంతికిరణముల పొందికను చెఱచి ఎదురువచ్చువాని కన్నులు మిరుమిట్లు గొలుపును. తన ప్రమాదమును పరునికి బదిలీ చేయుటయే యగును.

తులనాత్మక సంగ్రహము

- లావుతీగలు, శుభ్రమైన ఎర్తులు: మార్గనష్టమునకు మందు, ఖర్చు స్వల్పము, ఉత్పత్తి లోటును తీర్పజాలవు.
- ఒక ఫారడ్ కెపాసిటరు: కాలవిలంబములో స్వల్పభాగమునకు, ఖర్చు మధ్యమము, ఫలితము వివాదాస్పదము.
- మహాకెపాసిటర్లు: కాలవిలంబమునకు, ఖర్చు అధికము, సగటు లోటున్నచో నిష్ఫలములు.
- రెండవ బ్యాటరీ: ఇంజను ఆపి వినువారికి, నడుచు బండి మసకకు అల్పోపకారము.
- పెద్ద ఆల్టర్నేటరు: ఉత్పత్తి లోటునకు, ఖర్చు మిక్కిలి అధికము, తీగలు మార్చనిచో సగము వృథా.
- డీ తరగతి ఆంప్లిఫయరు, గెయిన్ సవరణ: మూడు లోపములను తగ్గించును, డంబము తగ్గుటయే నష్టము.
- రిలే కిట్టు: పాతకార్ల మార్గనష్టమునకు, ఊగులాటను ఆపదు.

ఏ పరిహారమునకైన ముందు లోపనిదానము గావలెను. దానికి సామాన్య మల్టీమీటరు చాలును. ఇంజను నడుచుచుండగా, దీపములు, ఏసీ వేసి, ఒకే పాటను ఒకే ధ్వనిమట్టమున పెట్టి, మూడుచోట్ల వోల్టేజి కొలువవలెను: ఆల్టర్నేటరు వద్ద, బ్యాటరీ వద్ద, హెడ్‌లైటు కనెక్టరు వద్ద. మూడు చోట్లను 13 వోల్టులకు దిగువనున్నచో అది ఉత్పత్తి లోటు. ఆల్టర్నేటరు వద్ద 14 ఉండి తక్కినచోట్ల తగ్గినచో మార్గనష్టము. ఏ రెంటి నడుమ తేడా యున్నదో ఆ తీగయే దోషి. మీటరు నిలకడగా నుండి కన్ను మాత్రము మినుకును చూచుచున్నచో కాలవిలంబము. కనిష్ఠవిలువను పట్టి చూపు మీటరుతో దానిని నిర్ధారింపవచ్చును.

చట్టము మాట

ఈ వివాదమున చట్టము ప్రక్కదారిన ప్రవేశించుచున్నది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము వాహనమునందలి మార్పులకు హద్దులు పెట్టినది. 190వ విభాగము శబ్దనియమములను ఉల్లంఘించు వాహనమును నడపుటను శిక్షార్హము చేసినది. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులను హద్దుగా నిర్ణయించి, రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు లౌడుస్పీకర్లను నిషేధించినవి. 2005 జూలై 18 నాటి సుప్రీము కోర్టు తీర్పు ఆ నిషేధమును దృఢపరచినది. శబ్దమునకు ఒక నియమము, దీపమునకు మరియొక నియమము గలవు. కాని ఒకదాని వలన మరియొకటి క్షీణించు ఈ సంబంధము యజమాని విచక్షణకే విడువబడినది.

తేలని యంశములు

మొదటిది, కెపాసిటరు సంగతి. ఒక ఫారడ్ సాయము లెక్కలో స్వల్పమని తేలినను, బల్బుతీగ ఉష్ణవిలంబము, కంటి స్వభావము కలిసి ఎంతటి తేడాను గమనింపదగినదిగా చేయునన్నది వాహనమునుబట్టి మారుచున్నది. మానవనేత్రము సెకనుకు ఎనిమిది, పది సారులు జరుగు మినుకును మిక్కిలి తీక్ష్ణముగా పట్టుననుట తెలిసినదే. సెకనుకు రెండు దరువుల పాటను అంతగా పట్టదనువారును, పట్టుననువారును కలరు.

రెండవది, నేటి కార్లలోని తెలివైన చార్జింగు. ఇంధనము ఆదా చేయుటకై కారు కంప్యూటరే వోల్టేజిని ఒకప్పుడు 12.5 ప్రాంతమునకు దించి, మరియొకప్పుడు 15 వరకు పెంచుచుండును. ఇట్టి కార్లలో పాట లేకయే వోల్టేజి మారును గనుక పాత కొలతలన్నియు సందేహాస్పదములగుచున్నవి. వీనిలో బ్యాటరీ రుణధ్రువముపై నుండు సెన్సారును తప్పించి ఆంప్లిఫయరు ఎర్తును నేరుగా ధ్రువమునకే బిగించినచో కంప్యూటరు లెక్క తప్పును, బాడీకే బిగింపవలెను. లిథియము బ్యాటరీలు ఈ మారుచుండు వోల్టేజితో ఎట్లు పొసగునన్నది ఇంకను అనుభవమున తేలవలసియున్నది.

మూడవది, ఎల్ఈడీ దీపముల నైతికప్రశ్న. దీపము మసకబారుట ఇంతకాలము యజమానికి ఉచితముగా లభించిన హెచ్చరిక. ఎల్ఈడీ ఆ హెచ్చరికను మాపినను లోటును మాపదు. బ్యాటరీ లోలోపల క్షీణించుచు, ఇంజను కంప్యూటరు తక్కువ వోల్టేజిని సహించుచు నుండును. మేలా కీడా యన్నచో రోడ్డుపై మేలు, బ్యాటరీకి కీడు అనవలసివచ్చును. రెంటిని తూచు తక్కెడ ఇంకను దొరకలేదు.

ఉపసంహారము

వాదములన్నింటిని సమీకరించి చూడగా ఒక క్రమము స్పష్టపడుచున్నది. మొదట గెయిన్ తగ్గించి చూచుట; పిదప మూడుచోట్ల కొలుచుట; మార్గనష్టమైనచో ఎర్తులు, చార్జింగు తీగ; ఆ పైనను శిఖరములలో మాత్రమే మసకయైనచో తగినంత పెద్ద కెపాసిటరు లేక ఏజీఎం బ్యాటరీ; సగటు లోటే యైనచో ఆల్టర్నేటరు పెంచుటయో, ఆంప్లిఫయరు తగ్గించుటయో, రెంటిలో నొకటి. ఈ క్రమమును తలక్రిందులు చేయుటయే మన బజారులలో జరుగుచున్నది: ఖరీదైన వస్తువు ముందు, కొలత చివర, లేదా కొలతయే లేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో ఆంప్లిఫయర్లు బిగించు దుకాణదారులు పని పూర్తియైన తరువాత ఆల్టర్నేటరు, బ్యాటరీ, హెడ్‌లైటు వద్ద పాట మ్రోగుచుండగా తీసిన మూడు కొలతలను బిల్లుపైననే వ్రాసి ఇచ్చు పద్ధతిని అవలంబించినచో, వివాదమున సగము అచ్చటనే ముగియును. కొనువాడు అడిగినగాని ఆ పద్ధతి రాదు. అడుగుటకు ఖర్చును లేదు.